వరల్డ్ బ్యాంక్ అప్పులతో మన దగ్గర పేదరికం నిజంగా తగ్గిందా?

మూసీ_ఒడ్డున
సూటిగా అడుగుతున్నా. వరల్డ్ బ్యాంక్, ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు), జైకా (జపాన్ ప్రభుత్వ సంస్థ), వీళ్ళంతా ఏళ్ళ తరబడి మనకి అప్పులిస్తూనే ఉన్నారు, కరెంటుకి, కాలవలకి, రోడ్లకి, ఆఖరికి పేదరికం తగ్గించడానికి కూడా అప్పే. మా చెల్లి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది, దాని నోట్సు నిండా పథకాల పేర్లు, సంవత్సరాలు, ఎన్ని మిలియన్ డాలర్లు, ఇవే. చదువుతూ చదువుతూ ఆపి 'అన్నా, ఇంత డబ్బొచ్చింది కదా, దీని వల్ల గట్టెక్కినవాళ్ళు ఎవరైనా నీకు తెలుసా' అంది. నేను పుట్టి పెరిగింది చాదర్‌ఘాట్‌లో, ఊళ్ళ సంగతి నాకేం తెలుసు? ఈ అప్పు చివరికి ఎవరు కడతారు, పేదవాడి చేతిదాకా వచ్చేది ఎంత, వచ్చింది నిలబడిందా? పేపర్లో చదివింది కాకుండా మీ ఊళ్ళో, మీ ఇంట్లో చూసింది చెప్పండి. పార్టీల గోల మాత్రం వద్దు ప్లీజ్.

బేగంపేట_బాబాయ్
తగ్గలేదు. కన్సల్టెంట్లు బాగుపడ్డారు, కాంట్రాక్టర్లు బాగుపడ్డారు. పేదవాడి పేరు చెప్పి తెచ్చిన అప్పు పేదవాడి మనవడు కడతాడు. అంతే.

పాలమూరు_బిడ్డ
బాబాయ్ గంత జల్ది తేల్చేస్తె ఎట్ల. మాది నారాయణపేట దిక్కు ఊరు, అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లానే. 1995ల యూఎన్‌డీపీ, అంటే ఐక్యరాజ్యసమితి వాళ్ళ ప్రోగ్రాం మా జిల్లా, కర్నూలు, అనంతపురం ఈ మూడిట్ల షురూ అయింది, అండ్ల నేర్చుకున్న పనితోనే 2000ల పేదరికం తగ్గించే వెలుగు ప్రాజెక్టు వచ్చింది, అది వరల్డ్ బ్యాంక్ పైసలతోని. మా అమ్మ అప్పటి ఆడోళ్ళ పొదుపు సంఘం మనిషే.

మొదలు ఏం చేసిన్రంటే పైసలు ఇయ్యలే. ఊరంత ఒక్కతాన కూసోని నేల మీద ముగ్గు పిండితోని ఊరి పటం గీసిన్రు. ఏ ఇల్లు ఎవలది, ఎవలకు చెల్క ఉంది, ఎవలు బొంబాయి వలస పోయిన్రు, ఎవలింట్ల ముసలమ్మ ఒక్కతే ఉంది, ఇవన్ని ఆడోళ్ళే చెప్పి, నిరుపేదలు ఎవలో వాళ్ళే తేల్చిన్రు. ఒక పెద్దమనిషి తన తమ్ముని పేరు నిరుపేదలల్ల రాయాలని మస్తు లొల్లి పెట్టిండు. మా అమ్మోళ్ళు రాయనియ్యలే. ఆఫీసర్ ముంగట కూడ రాయనియ్యలే. ఆ దినం దాక ఆయన ముంగట చెప్పులేసుకొని నడిచిన ఆడిది లేదు మా వాడల.

తర్వాత బియ్యం అప్పు. వానకాలం ముంగట పనులు దొరకవు, ఇంట్ల గింజలుండవు, షావుకారి దగ్గర నాగుకు తెచ్చుకునేటోళ్ళు, పంట రాంగనె ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇచ్చుడు. ఊరి సంఘాలన్ని కలిసిన గ్రామ సమాఖ్య ఏం చేసిందంటే లారీ బియ్యం ఒక్కసారే కొని, సంఘపోళ్ళకు అప్పు మీద ఇచ్చి నెల నెల కట్టించుకున్నది. ఒక్క రెండేండ్లకు మా వాడల నాగు బందయింది. ఇది పేపర్ల చదివింది కాదు, మా ఇంట్ల గాబుల ఉన్న బియ్యం సంగతి.

బేగంపేట_బాబాయ్
మీ అమ్మగారికి దండం. కానీ ఆ బియ్యానికి వాషింగ్టన్ దాకా ఎందుకమ్మా పోవాలి? మన బడ్జెట్లో అంత డబ్బు లేదా?

లెక్కల_మాస్టారు
బాబాయ్ అడిగింది న్యాయమైన ప్రశ్నే, దానికి జవాబు చెప్పే ముందు మూసీ_ఒడ్డున అడిగిన 'అప్పు ఎవరు కడతారు' సంగతి చెప్తాను. ప్రాజెక్టు రాష్ట్రానిదైనా అప్పు తీసుకునేది భారత ప్రభుత్వం, కేంద్రం ద్వారానే రాష్ట్రానికి వస్తుంది. 2005కి ముందు పద్ధతి ఏంటంటే కేంద్రం దాన్ని 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా రాష్ట్రానికి ఇచ్చేది, ఆ అప్పు మీద వడ్డీ మాత్రం కేంద్రం తన రేటు వేసేది, అప్పట్లో అది రెండంకెల్లో ఉండేది. ఇక్కడ చూడండి, వెలుగుకి డబ్బిచ్చింది వరల్డ్ బ్యాంక్‌లో ఐడీఏ అనే విభాగం, పేద దేశాల కోసం 1960లో పెట్టింది. దాని షరతులు 35 ఏళ్ళ గడువు, మొదటి పదేళ్ళు అసలు కట్టక్కర్లేదు, వడ్డీ లేదు, 0.75 శాతం సర్వీసు చార్జీ. అంత చవక డబ్బు ఢిల్లీ దాటేసరికి రాష్ట్రానికి మామూలు అప్పులాగే తయారయ్యేది. 12వ ఆర్థిక సంఘం చెప్పాక 2005 నుంచి ఏ షరతులతో వస్తే అవే షరతులతో రాష్ట్రానికి దింపుతున్నారు, బదులుగా డాలర్ పెరిగితే ఆ బరువు కూడా రాష్ట్రమే మోయాలి.

ఇంక ఎంత డబ్బు అన్నది. వెలుగు మొదటి విడత 111 మిలియన్ డాలర్లు, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు, శ్రీకాకుళం, విజయనగరం ఈ ఆరు జిల్లాలకి. అప్పట్లో డాలర్ 45 రూపాయల దగ్గర ఉంది, అంటే దాదాపు 500 కోట్లు. రాష్ట్ర బడ్జెట్‌తో పోలిస్తే ఇది ఏ మూలకీ రాదు. కాబట్టి బాబాయ్ అన్నట్టు డబ్బు మన దగ్గర లేక కాదు.

మూసీ_ఒడ్డున
మరి దేనికి తెచ్చుకున్నట్టు మాస్టారూ? డబ్బుంటే అప్పెందుకు?

మాజీ_సీసీ
దీనికి నేను చెప్తా, ఆ ప్రాజెక్టులో కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా చేశాను, మండలంలో ఊళ్ళు పట్టుకు తిరగడమే నా పని. మామూలు ప్రభుత్వ పథకంలో మార్చి 31 వస్తే డబ్బు ఖర్చయిపోవాలి. గేదె ఇచ్చామా, ఫోటో తీశామా, ఖర్చయిందని యూసీ (సర్టిఫికెట్) పంపామా, అంతే. ఆ గేదె ఆర్నెల్లకి చచ్చిందా, అమ్ముకున్నారా ఎవరికీ పట్టదు. ఈ ప్రాజెక్టులో అలా కాదు, సొసైటీ ఫర్ ఎలిమినేషన్ ఆఫ్ రూరల్ పావర్టీ, అదే సెర్ప్, అని విడిగా ఒక సొసైటీ పెట్టారు, డబ్బు నేరుగా గ్రామ సమాఖ్య ఖాతాకి వెళ్ళేది, ఆ ఖాతా నడిపేది ఆ ఊరి ఆడవాళ్ళే. దాన్ని సామాజిక పెట్టుబడి నిధి అనేవాళ్ళం. సమాఖ్య సంఘానికి అప్పిస్తుంది, సంఘం సభ్యురాలికిస్తుంది, తిరిగి కట్టింది మళ్ళీ సమాఖ్యలోనే ఉండి ఇంకో ఇంటికి పోతుంది. మార్చి 31తో పని లేదు.

నా దృష్టిలో ఆ అప్పుతో మనం కొనుక్కున్నది టైము. ఊళ్ళో కూర్చుని, సంఘం కట్టించి, పుస్తకాలు రాయడం నేర్పించి, ఎవరు కట్టలేదో ఎందుకు కట్టలేదో మాట్లాడుకునే అలవాటు చేయించడానికి ఏళ్ళు పట్టింది. అన్నేళ్ళు జీతాలిచ్చి మమ్మల్ని ఊళ్ళల్లో తిప్పడానికి ఏ బడ్జెట్లో హెడ్డు లేదు. ఆస్తులు కనపడని ఖర్చు అది, ఏ ఫైనాన్స్ సెక్రటరీ అయినా ముందు కోసేది దాన్నే.

సిక్కోలు_సీను
మాజీ_సీసీ గారూ జీతాలు మీకు ఇచ్చారు సరే, మా ఊరి బుక్‌కీపర్ పిల్లకి ఏటిచ్చారు? మా అక్కే రాసీది పుస్తకాలు, రాత్రి పది దాకా లాంతరు ఎట్టుకుని రాసీది, సంఘాలు ఇచ్చిన పదీ పరకా తప్ప చాన్నాళ్ళు ఏటీ రాలేదు. ప్రాజెక్టంతా ఆ పుస్తకాల మీదే నడిచింది కదా. మీటింగుల్లో మహిళా సాధికారత అని బేనర్లు కట్టీవోరు, ఆ బేనర్ కింద కూకున్న పిల్లకి మాత్రం జీతం లేదు.

మాజీ_సీసీ
నిజమే సీనూ. సంఘాలే తమ బుక్‌కీపర్‌ని పోషించుకోవాలి, అప్పుడే ప్రాజెక్టు పోయినా పని ఆగదు అనే లెక్కతో అలా పెట్టారు. లెక్క కాగితం మీద బాగానే ఉంది, భారమంతా ఆ పిల్లల మీద పడింది. వాళ్ళ గౌరవ వేతనం కోసం ధర్నాలు ఎన్ని జరిగాయో అందరికీ తెలుసు.

పాత_బోర్డు_ఇంజనీర్
మీరంతా వెలుగు దగ్గరే ఆగిపోయారు. అదే సంవత్సరం 2000, అదే వరల్డ్ బ్యాంక్, అదే హైదరాబాద్. 1999లో కరెంటు సంస్కరణల కోసం 210 మిలియన్ డాలర్ల అప్పు ఒప్పందం, కరెంటు బోర్డుని ముక్కలు చేయడం, తర్వాత చార్జీలు పెంచడం, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు, ముగ్గురు చనిపోయారు. నేను అప్పుడు సర్వీసులో ఉన్నాను. ఊళ్ళో సంఘం పెట్టి ఆ ఇల్లాలు నెలంతా కూడబెట్టిన పొదుపు కరెంటు బిల్లు రూపంలో పట్టుకుపోతే ఇక పేదరికం తగ్గేది ఎక్కడ? ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం అంటే ఇదే. మాస్టారూ, 1998లో వచ్చిన ఆర్థిక పునర్‌వ్యవస్థీకరణ అప్పు ఎంతో కూడా చెప్పండి ఇక్కడివాళ్ళకి.

లెక్కల_మాస్టారు
543 మిలియన్ డాలర్లు, వెలుగు మొదటి విడతకి దాదాపు ఐదు రెట్లు. అయితే ఇంజనీర్ గారూ, ఆ 543లో ప్రాథమిక వైద్యం, బడులు, పిల్లల పోషకాహారం, కాలవలు, రోడ్లు కూడా ఉన్నాయి, మొత్తం షరతుల డబ్బే అనడం సరికాదు. బషీర్‌బాగ్ విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. బోర్డు నష్టాల్లో ఉన్న మాట నిజం, ఏదో ఒకటి చేయాల్సిన మాటా నిజం. కానీ నష్టం ఎవరి వల్ల వచ్చిందో తేల్చకుండా అందరి బిల్లూ పెంచేశారు, ముందు దొంగ కరెంటు ఆపి ఉంటే జనం అంతగా తిరగబడేవాళ్ళు కాదు.

బేగంపేట_బాబాయ్
ఇంజనీర్ గారికి నా వోటు.

కూకట్‌పల్లి_అనంత
నాది అనంతపురం పక్క, ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉండా. ఒగ మాట అడుగుతా ఏమనుకోవద్దండి. మా ఊర్లో జనం ఆకలి తగ్గింది నిజమే, దానికి వెలుగే కారణమని ఎట్ల చెప్తారు? రెండు రూపాయల బియ్యం 80ల్లోనే వచ్చె. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ దేశం మొత్తానికి మా జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టిరి, దాంట్లో వరల్డ్ బ్యాంక్ పైసా లేదు, మన పన్నుల దుడ్డే. మా నాయన కరువు సంవత్సరాల్లో బెంగళూరు పోకుండా నిలబడింది ఆ కూలితోనే. బస్సు వచ్చె, ఫోను వచ్చె, పిల్లోళ్ళు ఇంజనీరింగ్ చదివిరి. ఇన్ని జరిగినాక బ్యాంకోళ్ళొచ్చి మా ప్రాజెక్టుతో పేదరికం తగ్గింది అని రిపోర్టు రాసుకుంటే అది మా నాయన కష్టాన్ని వాళ్ళ ఖాతాలో ఏసుకున్నట్టు కదా.

ఓయూ_ఆర్ట్స్_కాలేజ్
అనంత అన్న చెప్పిందే అసలు పాయింట్. మిగతా మార్పుల్లోంచి ఒక్క ప్రాజెక్టు వల్ల వచ్చిన మార్పుని విడదీయడం చాలా కష్టం. దీన్ని విడదీసి చూసిన పెద్ద స్టడీ ఒకటి మన హైదరాబాద్‌లోనే జరిగింది, ఇక్కడ చాలామందికి తెలీదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, 2019లో నోబెల్ వచ్చినవాళ్ళు. మన సిటీలో 104 బస్తీలు తీసుకుని లాటరీ పద్ధతిలో 52 బస్తీల్లో ముందుగా మైక్రోఫైనాన్స్, అంటే పేదవాళ్ళకి చిన్న అప్పులిచ్చే కంపెనీ బ్రాంచి తెరిపించారు, మిగతా 52లో తర్వాత. ఏడాది పైన అయ్యాక రెండిటినీ పోల్చి చూశారు. కుటుంబం మొత్తం ఖర్చులో తేడా లేదు, ఆరోగ్యం, పిల్లల చదువు, ఇంట్లో ఆడవాళ్ళ మాటకి విలువ, వీటిల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. వస్తువులు కొనుక్కోవడం పెరిగింది, టీ పొగాకు లాంటి వాటి మీద ఖర్చు తగ్గింది, అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళలో కొద్దిమందికి లాభం బాగా పెరిగింది. అప్పు వల్ల సర్వనాశనం కాలేదు, అప్పు వల్ల పేదరికమూ పోలేదు.

మూసీ_ఒడ్డున
ఇది కొత్త విషయం నాకు. కానీ అది ప్రైవేటు కంపెనీ అప్పు కదా, వరల్డ్ బ్యాంక్‌కీ దానికీ సంబంధం ఏంటి?

ఓయూ_ఆర్ట్స్_కాలేజ్
రెండు రకాలుగా ఉంది. వరల్డ్ బ్యాంక్ గ్రూపులోనే ఐఎఫ్‌సీ అనే విభాగం ఉంది, అది ప్రైవేటు కంపెనీల్లో డబ్బు పెడుతుంది, మన దేశంలో మైక్రోఫైనాన్స్ కంపెనీల్లో కూడా పెట్టింది. రెండోది, పేదవాళ్ళకి అప్పు దొరికితే చాలు మిగతాది వాళ్ళే చూసుకుంటారు అనే ఆలోచన డెవలప్‌మెంట్ బ్యాంకులన్నిటిలో బాగా పాకింది. స్టడీ కొట్టింది ఆ ఆలోచన మీదే.

అడ్డగుట్ట_అనిత
స్టడీలో సర్వనాశనం కాలేదు అని రాసిన్రేమో, మా గల్లీకి వచ్చి చూడాల్సింది. 2008, 2009ల మా అమ్మ ఒక్కతే మూడు కంపెనీల దగ్గర తీసుకుంది, ఒకదాని కిస్తీ కట్టనీకి ఇంకోదాని దగ్గర. పొద్దున ఏడింటికే మీటింగు, పది మంది ఆడోళ్ళు గుండ్రంగ కూసోవాలె, ఒక్కరు తక్కువ కడితే అందరిని లేవనియ్యరు, మిగిలినోళ్ళు తలా ఇంత ఏసి కట్టాలె. పక్కింటి ఆంటీ కట్టలేకపోతె మా అమ్మనే పోయి ఆమె ఇంటి ముంగట కూసుంది, కంపెనీ అబ్బాయి మాట్లాడనేలే, పక్కకు నిలబడి చూసిండు. ఆ ఆంటీ, మా అమ్మ ఒక్క నల్లా దగ్గర నీళ్ళు పట్టుకునేటోళ్ళు. ఆ తర్వాత మాటల్లేవు. పైసలు పోయినయ్ సరే, ఆ మాటలు ఎవరు తెచ్చిస్తరు?

పాలమూరు_బిడ్డ
అనితక్కా, మా దిక్కు సంఘంల కూడ కట్టనోళ్ళ ఇంటికి పోయేటోళ్ళు. కాని ముందుగాల ఎందుకు కట్టలేదో అడిగేటోళ్ళు. దవాఖాన ఖర్చు వచ్చిందంటే తీర్మానం రాసి గడువు పెంచేటోళ్ళు, ఎందుకంటే పైసలు సంఘానియే, వాయిదా ఏసే హక్కు వాళ్ళకే ఉండె. మీ తాన ఆ హక్కు ఎవ్వరికి లేకుండె.

అడ్డగుట్ట_అనిత
అదే చెల్లె అదే. కంపెనీ అబ్బాయిని అడిగితే నాకు పవర్ లేదక్కా సిస్టమ్‌ల రాదు అనేటోడు.

మాజీ_సీసీ
ఈ రెండు పోస్టులూ పక్కపక్కన పెట్టి చదవండి, మీ చెల్లి ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. ఇంకో విషయం, ఊళ్ళల్లో మేం ఏళ్ళ తరబడి కట్టించిన సంఘాల మీదకే ఆ కంపెనీలు వచ్చి వాలాయి. లిస్టు రెడీగా ఉంది, మీటింగు అలవాటు ఉంది, కిస్తీ కట్టే అలవాటు ఉంది. మా ఖర్చుతో దుక్కి దున్ని పెడితే వాళ్ళు వచ్చి గబగబా విత్తుకున్నారు. అప్పు మీద అప్పు, ఆత్మహత్యల వార్తలు, 2010 అక్టోబరులో ఆ కంపెనీలని కట్టడి చేస్తూ ఆర్డినెన్స్, వాళ్ళ వసూళ్ళు ఒక్కసారిగా పడిపోయాయి.

బ్యాంక్_బ్రాంచి_నుంచి
ఆర్డినెన్స్ మంచిదే అంటారా అందరూ? నేను ఒక బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసర్‌ని, ఏ బ్యాంకో వదిలేయండి. కంపెనీలు పోయాక ఆ అవసరం ఎక్కడికీ పోలేదు, మళ్ళీ గిరిగిరి వాళ్ళ దగ్గరికే, రోజువారీ వసూళ్ళకే వెళ్ళారు జనం. ఇంకోటి, 2014లో ఎన్నికల ముందు డ్వాక్రా రుణాలు మాఫీ అన్న మాట విని, అటు ఆంధ్రప్రదేశ్‌లో బాగా కట్టే సంఘాలు కూడా ఆపేశాయి, మాఫీ అనుకున్నట్టు రాకపోయేసరికి వడ్డీ మీద వడ్డీ పడింది. ఇరవై ఏళ్ళు కట్టుకొచ్చిన అలవాటు ఒక్క మాటతో చెడుతుంది. ఇది పార్టీల గోల కాదు, ఏ పార్టీ అన్నా ఇదే జరుగుతుంది.

నల్గొండ_నరేష్
టాపిక్ జర పక్కకు పోతున్నది. మా దిక్కు ఇప్పటికీ వడ్లు కొనే సెంటర్‌ని ఐకేపీ సెంటర్ అనే అంటరు. వెలుగు పేరు మారి ఇందిరా క్రాంతి పథం అయింది కదా, దాని పేరే అది. సంఘం ఆడోళ్ళే తేమ చూసి, కాంటా పెట్టి, ట్రక్ షీట్ రాసి పంపుతరు. మా అత్తమ్మ తేమ మీటర్ పట్టుకొని నిలబడ్డదంటే మిల్లు సేటు మనిషి కూడ నోరు మెదపడు 😀 వరల్డ్ బ్యాంక్ ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయింది, ఆ సెంటర్ మాత్రం సీజన్ సీజన్‌కు తెరుస్తనే ఉన్నరు. కమీషన్ సంఘానికే వస్తది.

బేగంపేట_బాబాయ్
ఇది బాగుంది. ఇట్లాంటివి ఇంకో నాలుగు చెప్పండి, వింటా.

సిక్కోలు_సీను
నాలుగెందుకు ఒకటే సాలు. మా వైపు ఆడోళ్ళు బీహార్ ఎళ్ళొచ్చారు. అక్కడ జీవిక అని 2007లో వరల్డ్ బ్యాంక్ డబ్బుతోనే మొదలయ్యింది, సంఘాలెలా కట్టాలో నేర్పడానికి ఇక్కడి నుంచి సీఆర్‌పీలని, అంటే సంఘాల్లో ఆరితేరిన ఆడోళ్ళని, తీసుకెళ్ళారు. హిందీ రాదు, తిండి పడదు, ఐనా అక్కడి ఊళ్ళల్లో మకాం పెట్టి ఇల్లిల్లూ తిరిగారు. ఐదో క్లాసు సదివిన మా పిన్ని పట్నా స్టేషన్లో దిగి ఊరు ఊరంతా తిరిగీసి వచ్చింది, ఇప్పటికీ సెప్తాది.

మాజీ_సీసీ
అక్కడితో ఆగలేదు. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ పెట్టింది, వరల్డ్ బ్యాంక్ దానికి బిలియన్ డాలర్లు ఇచ్చింది, నమూనా మాత్రం చాలావరకు మనదే, సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య ఆ మెట్లు అన్నీ. మన దగ్గర అప్పటికే కోటి మంది దాకా ఆడవాళ్ళు సంఘాల్లో ఉన్నారు. బాబాయ్ గారూ, 500 కోట్ల సంగతి అడిగారు కదా, ఆ సంఘాల పుస్తకాలు చూసి బ్యాంకులు ఏటా వేల కోట్లు అప్పివ్వడం మొదలుపెట్టాయి. ప్రాజెక్టు డబ్బు బ్యాంకు మేనేజర్ గదిలోకి వెళ్ళడానికి తలుపు తీసింది. పని చేసింది ఎక్కువ మన బ్యాంకుల్లోని మన డిపాజిట్ల డబ్బే.

మియాపూర్_మౌనిక
చిన్న డౌటు. పేదరికం తగ్గింది తగ్గింది అంటున్నారు, ఏ గీత ప్రకారం? రోజుకి 32 రూపాయలు అని ఒకసారి గొడవ అయింది కదా.

ఓయూ_ఆర్ట్స్_కాలేజ్
2011లో గొడవైన ఆ 32 పట్నానిది, ప్లానింగ్ కమిషన్ చెప్పింది; 2014లో రంగరాజన్ కమిటీ పల్లెకి 32, పట్నానికి 47 అంది. వరల్డ్ బ్యాంక్ గీత 2025 జూన్‌లో రోజుకి 3 డాలర్లకి మార్చారు, దాని ప్రకారం మన దేశంలో 2011-12లో 27.1 శాతం ఉన్న తీవ్ర పేదరికం 2022-23కి 5.3 శాతానికి దిగింది. 3 డాలర్లు అంటే 250 రూపాయలు అనుకోకండి, ఇక్కడి ధరలకి సర్ది లెక్కేస్తారు, అందులో నాలుగో వంతు దగ్గర వస్తుంది. నీతి ఆయోగ్ వాళ్ళది ఇంకో లెక్క, ఆదాయం కాకుండా పోషకాహారం, బడి, మరుగుదొడ్డి, వంట గ్యాసు ఇవన్నీ చూస్తుంది, దాని ప్రకారం 2013-14లో 29.17 శాతం, 2022-23లో 11.28.

మియాపూర్_మౌనిక
అంటే రోజుకి అరవై చిల్లర దాటితే పేద కాదా?? మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం నలుగురు, సెల్లార్‌లో ఒక్క గది, పాప స్కూలు ఫీజుకి ప్రతి జూన్‌లో అప్పు. వాళ్ళు ఈ గీతకి చాలా పైనే ఉంటారు. ఆ 5.3 చూసి పేదరికం అయిపోయింది అనుకుంటే ఆ పాప ఏ లెక్కలోకి వస్తుంది?

లెక్కల_మాస్టారు
మౌనిక గారూ, అది తీవ్ర పేదరికం గీత, కడుపు నిండటానికి సంబంధించింది. మనలాంటి దేశాలకి వరల్డ్ బ్యాంకే ఇంకా పై గీతలు పెట్టింది. మీరు చెప్పిన కుటుంబం ఆ పై గీతల మధ్య ఉంటుంది, దేశంలో పెద్ద సంఖ్య అక్కడే ఉంది. అప్పులిచ్చే తీరూ మారింది. 2014లో మన దేశం ఐడీఏ పరిధి దాటేసింది, 2017 దాకా కొంత మధ్యంతర సాయం ఇచ్చి ఆపేశారు. ఇప్పుడు ఐడీఏకి డబ్బు వేసే దేశాల్లో మనమూ ఉన్నాం. మనకి వచ్చేది ఎక్కువ వరల్డ్ బ్యాంక్‌లోనే ఐబీఆర్‌డీ అనే ఇంకో విభాగం అప్పు, మార్కెట్‌కి దగ్గర వడ్డీ. కాబట్టి ఇక ముందు ప్రతి డాలరుకీ 'ఇది దేనికి' అని గట్టిగా అడగాలి.

పాత_బోర్డు_ఇంజనీర్
అడిగేవాళ్ళు ఎవరండీ. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) కొంత భాగం జైకా అప్పుతో వేశారు, హుస్సేన్‌సాగర్ శుభ్రం చేయడానికి జైకా అప్పే. అమరావతికి 2019లో వరల్డ్ బ్యాంక్ తప్పుకుంది, 2024 డిసెంబరులో మళ్ళీ వచ్చి 800 మిలియన్ డాలర్లు, ఏడీబీ ఇంకో 788 మిలియన్. రోడ్డు వద్దనను, నేను కూడా ఓఆర్‌ఆర్ మీద పోతాను. కానీ రోడ్డు పక్కన ఎకరం ఉన్నవాడు కోటీశ్వరుడయ్యాడు, ఆ ఎకరంలో కూలి చేసినవాడు ఎటు పోయాడో ఏ రిపోర్టులోనూ ఉండదు.

కూకట్‌పల్లి_అనంత
ఇంజనీర్ సారు చెప్పింది నూటికి నూరు. భూమి లేనోడికి రోడ్డు వచ్చినా కాలవ వచ్చినా ఒగటే. కానీ వెలుగులో భూమి పని కూడా కొంచెం జరిగింది, అది చెప్పాల. పట్టా ఉండి కబ్జాలో లేనోళ్ళు, కబ్జాలో ఉండి పట్టా లేనోళ్ళు, ఈ కేసులు చూసేకి ఊరి పిల్లోళ్ళకే ట్రైనింగ్ ఇచ్చి పారాలీగల్ అని పెట్టినారు. మా పక్క ఊర్లో దళితవాడకి ఎప్పుడో ఇచ్చిన భూమి రికార్డుల్లో ఎక్కింది ఆ పిల్లోడు తాసిల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగినందుకే. దానికి ఖర్చు ఎంత అయ్యుంటాది, వాని జీతం, బస్సు చార్జీలు. ఇట్లాంటి పనికి అప్పు తెచ్చినా నాకు బాధ లేదు.

మూసీ_ఒడ్డున
చెల్లికి ఈ థ్రెడ్ మొత్తం చదివించా. అది అడుగుతోంది, ఇప్పుడు సంఘాలు ఎలా ఉన్నాయి? 2000లో కట్టినవి ఇంకా నడుస్తున్నాయా?

పాలమూరు_బిడ్డ
నడుస్తున్నయ్, కాని మారినయ్ చెల్లె. అమ్మోళ్ళు ముసలోళ్ళు అయిన్రు, కోడండ్లు సంఘంల చేరిన్రు గాని మీటింగుకు రారు, ఫోన్ పే కొట్టి పంపుతరు. బ్యాంకోళ్ళు తాకట్టు లేకుండ సంఘానికి ఇరవై లక్షల దాక ఇస్తున్నరు, పెద్ద మాటే. ఇచ్చినదాన్ని పది మందికి సమానంగ పంచేస్తున్నరు, ఎవలకు ఎంత అవసరమో ముచ్చట లేదు. ఒకామె బర్లు కొంటది, ఒకామె బిడ్డ పెండ్లికి పెడతది, ఇంకొకామె తన వాటా పక్కామెకు ఎక్కువ మిత్తికి తిప్పుతది. మిత్తి లేని రుణం అంటరు, మిత్తి ముందుగాల సంఘమే కట్టాలె, అది వాపస్ వచ్చేసరికి ఏండ్లు పడ్తున్నది. మా అమ్మ ఇప్పటికి నెల మీటింగుకు పోతది, కోరం నిండకపోతె రిజిస్టర్ల సంతకం పెట్టదు. అందుకు కోడండ్లకు కోపం.

బ్యాంక్_బ్రాంచి_నుంచి
సమానంగా పంచుకోవడం మేమూ చూస్తున్నాం. మా మీద టార్గెట్ ఎన్ని సంఘాలకి ఎంత ఇచ్చారు అనే. మీటింగ్ జరిగిందా అని మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు. ఫిబ్రవరి మార్చిలో రోజుకి ఎన్ని సంఘాల చేత సంతకాలు పెట్టిస్తామో చూస్తే మీకే అర్థమవుతుంది.

మాజీ_సీసీ
ఇక్కడే నాకు కడుపు మండుతుంది. ఏళ్ళు పట్టి కట్టింది అప్పు పంచే కౌంటర్ కింద మార్చేశారు. మీ చెల్లి పరీక్షలో మిలియన్లు, సంవత్సరాలు ఎలాగూ రాయాలి, రాయనివ్వండి. దాంతో పాటు ఏ ప్రాజెక్టు గురించి చదివినా మూడు విషయాలు వెతకమనండి: నిరుపేదలెవరో ఎవరు తేల్చారు, వచ్చిన డబ్బు మీద వాయిదా వేసే హక్కు ఎవరికుంది, ప్రాజెక్టు మూసేశాక ఆ పుస్తకం రాసే మనిషికి జీతం ఎవరిస్తారు. వరల్డ్ బ్యాంక్ అయినా, మన ప్రభుత్వం అయినా, రేపు ఇంకెవరైనా ఇవే అడగాలి.

బేగంపేట_బాబాయ్
మూడోదానికి సీను పోస్టే సాక్ష్యం. నా మాట మీద నేనున్నా, అప్పు అప్పే. కానీ బియ్యం అప్పు, వడ్ల సెంటరు, ఆ భూమి పిల్లాడు, ఈ మూడిటికి తెచ్చింది మాత్రం దండగ అనను.

అడ్డగుట్ట_అనిత
మాజీ_సీసీ అన్నా, మా గల్లీల ఇప్పుడు మళ్ళ కంపెనీలు తిరుగుతున్నయ్, ఫోన్ల యాప్ లోన్లు వేరే. బస్తీ సంఘం ఉంది, పేరుకు. పన్నెండు మందిమి ఉన్నం, పుస్తకం కూడ ఉంది కాని లోన్ వచ్చిన నాడు తప్ప ఎవ్వరు తెరవరు. మీ ఊర్లల్ల లెక్క వాయిదా తీర్మానం ఎట్ల రాసుకోవాలె, బయట కంపెనీ దగ్గర తీసుకున్నోళ్ళను ఏం చేయాలె, ఒకసారి వచ్చి చెప్తరా? మా అమ్మ కూడ వస్తా అంటుంది.

మాజీ_సీసీ
వస్తానమ్మా. ఆదివారం పెట్టుకోండి, పని మీద పోయేవాళ్ళు కూడా ఉండేలా. పాస్‌బుక్కులు, కంపెనీ కార్డులు, యాప్ మెసేజీలు అన్నీ తెమ్మనండి, ముందు ఎవరికి ఎంత బాకీ ఉందో ఒక్క కాగితం మీద వేద్దాం. సిగ్గుపడి దాచొద్దని మాత్రం ముందే చెప్పండి, అక్కడే చాలా సంఘాలు కూలిపోతాయి.

సిక్కోలు_సీను
పుస్తకం రాసీ పిల్లకి ఎంతిస్తారో కూడా ఆ రోజే తేల్చీండి అనితక్కా. మర్సిపోకండి.